కోతకు ముందు కొలత: డాక్టర్ ప్రభుదాస్ గారికి అభినందన

1994 జూన్ 20వ తేదీన డాక్టర్ మేకల ప్రభుదాస్ గారు మన ట్రస్టు ఆసుపత్రి భూపాలపల్లి శాఖలో ఎముకల వైద్యులుగా బాధ్యతలు స్వీకరించారు. రఘునాథపల్లి మండలంలోని చిన్న రైతు కుటుంబంలో జన్మించి, స్వయంకృషితో వైద్యవిద్యను పూర్తిచేసిన వారు, రెండు గదులు, ఒక పాత ఎక్స్‌రే యంత్రం తప్ప మరేమీ లేని ఆ శాఖలో, చెల్పూర్ రోడ్డు మీద బండ్ల నుండి పడినవారికీ, తాటిచెట్ల మీద నుండి జారినవారికీ ఎంతో ఓర్పుతో ఎముకలు అతికించారు.

అనంతరం మహబూబాబాద్ శాఖకు బదిలీ అయ్యారు. మోకాళ్లు అరిగి, పొలం గట్టు కూడా ఎక్కలేక కూలిపనికి దూరమైన తండాల స్త్రీలను అక్కడ చూసి, కీళ్ల మార్పిడిలో ప్రత్యేక శిక్షణ పొందారు. జనగామకు వచ్చాక ఆ విభాగాన్ని వారే నెలకొల్పారు. కంప్యూటర్ సహాయంతో మోకాలు మార్చే యంత్రం మనకు వచ్చేనాటికి వారికి అరవై ఏళ్లు దగ్గరపడ్డాయి. అయినా తమకంటే ఎంతో చిన్నవారి పక్కన కూర్చుని ఆ విద్యను నేర్చుకున్నారు. తొడ ఎముకకూ కాలి ఎముకకూ బిగించిన మెరిసే గోళీలను ఒక కెమెరా తన రెండు కళ్లతో చూస్తుంది. ఎముకను ఏ కోణంలో కోస్తే కాలు నిటారుగా నిలుస్తుందో కంప్యూటర్ తెర మీద చూపుతుంది. తేలికైన మోకాళ్లు ఎన్నో చేసి, చెయ్యి కుదిరాకే వారు కష్టమైన వాటిని స్వీకరించారు.

అటువంటిది ఒక తండా నుండి వచ్చిన కమ్లీ గారి కాలు. చిన్నతనంలో విరిగిన తొడ ఎముక వంకరగా అతుక్కుంది. కొలత కోసం మామూలుగా ఎముక లోపలికి దించే కడ్డీ ఆ వంకరలోకి దిగదు. అందుకే ఎక్కడికి పోయినా ఆమెను తిప్పి పంపారు. కంప్యూటర్ కొలత తప్ప ఆమెకు వేరే దారి లేదు.

నిరుటి దసరా మరునాడు ఆమెకు ఆపరేషన్. నడుము కింద మత్తు ఇచ్చారు, ఆమె మెలకువగానే ఉన్నారు. కోతకు ముందు పరీక్షగా గోళీలున్న మరో చిన్న కడ్డీని కెమెరా ముందు ఎత్తి చూపితే, తెర మీద ఏమీ కనబడలేదు. చూస్తే, ఆయుధపూజ నాడు మా అటెండర్ గట్టయ్య కెమెరా రెండు కళ్లకూ పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టాడు!

"కండ్లల్ల బొట్టు వెడ్తరానే గట్టయ్యా? నొసట వెట్టాలె గని!" అన్నారు ప్రభుదాస్ గారు.

"అవి కండ్లని నాకేం ఎర్క సార్, లైట్లనుకున్న."

"నన్నిట్ల పండవెట్టి మీరు బొట్టు పంచాయితి వెట్టుకున్నరా?" అని బల్ల మీది నుండి కమ్లీ గారు గదమాయించారు.

అందరం నవ్వాం. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. కెమెరా అద్దాలు తుడిచాక కడ్డీ కనబడింది, కానీ కొలత నిలకడగా లేదు. మత్తు దిగిపోయేలోపు పని ముగియాలి. "కనబడుతుంది కదా సార్, మొదలుపెడదాం" అన్నారు సహ వైద్యులు రాజ్‌కుమార్ గారు.

"కనవడుడు వేరు, సక్కగ కనవడుడు వేరు. మల్ల తుడువుండ్రి" అన్నారు ప్రభుదాస్ గారు.

"సారూ, మల్ల ఇంటికే పంపుతవా?" ఈసారి ఆమె గొంతు చిన్నబోయింది.

"కొలత కుదరకుంటె కత్తి వెట్టనవ్వా. కుదిరేదాక ఈడికెల్లి కదల."

అద్దాల అంచుల్లో చిక్కుకున్న పసుపు కూడా పోయేదాకా తుడిపించి, కొలతను మళ్లీ మళ్లీ సరిచూసుకుని, అప్పుడే కత్తి అందుకున్నారు. ఆనాడు బల్ల పక్కనే ఉన్న నేను మనసులో నా స్వామికి మొక్కుకుంటూనే ఉన్నాను. కాలు నిటారుగా నిలిచింది మొక్కు వల్లనా, యంత్రం వల్లనా, డాక్టర్ గారి పట్టుదల వల్లనా అని తరువాత వారినే అడిగాను. "దేవుని పని దేవుడు చేస్తడు బిక్షపతీ. అద్దం తుడుసుడు మాత్రం మనదే" అన్నారు.

ఆపరేషన్ మరునాడు కమ్లీ గారు నడక బండి పట్టుకుని లేచి నిలబడ్డారు. కాలిని పైనుండి కిందికి చూసుకుని, "ఇది నా కాలేనా?" అన్నారు. వెంటనే "రెండోది ఎప్పుడు చేస్తవ్ సారూ?" అని అడిగారు.

ఆ రెండో మోకాలి ఆపరేషన్ వచ్చే నెలలో ఉంది. అప్పటికి ప్రభుదాస్ గారు పదవీ విరమణ చేసి ఉంటారు. ఆ సంగతి తెలిసి ఆమె రానంటే రానని భీష్మించుకున్నారు. ప్రభుదాస్ గారే స్వయంగా ఫోన్ చేసి, "కోసేది రాజ్‌కుమారే, నాకన్న మంచిగ చేస్తడు. నేను తెర పక్కన్నే నిలవడ్త. రా అవ్వా" అని ఒప్పించారు.

మాన్యులు ప్రభుదాస్ గారూ, ఇన్నేళ్లు ఆపరేషన్ బల్ల పక్కన నిలబడిన మీ మోకాళ్లకు మన యంత్రంతో ఎన్నడూ పని పడకూడదని, మీ సహధర్మచారిణి సుమలత గారితో, పిల్లాపాపలతో నిండు నూరేళ్లు ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని, నేను కొలిచే స్వామినీ మీరు ప్రార్థించే ప్రభువునూ వేడుకుంటున్నాను. వచ్చే నెల తెర పక్కన మీ కోసం ఒక కుర్చీ వేసి ఉంచుతాం. మీరు అందులో కూర్చోరని తెలిసినా సరే.

– బిక్షపతి, ఆపరేషన్ థియేటర్ సహాయకుడు, జనగామ