థెల్మా వదిన ఇంటి అడ్రసు

తలుపు వెయ్యకు వదినా! నా కాలు అడ్డం పెట్టాను చూడు. వేస్తే నలిగేది నా కాలే. డెబ్భై మూడేళ్ల ఎముక, విరిగితే మళ్లీ అతకదు.

మాట్లాడకులే. రెండేళ్లుగా ఉలుకూ పలుకూ లేనిదానివి, ఇవాళ నోరు విప్పుతావని రాలేదు. వింటే చాలు. బయట టాక్సీ ఆయన్ని ముప్పావుగంట ఆగమన్నాను. ఆరున్నరకి విమానం. రెండు టికెట్లు కొన్నాను. ఒకటి నాది, ఒకటి నీది. అవును, నీ పేరు మీదే. పాస్‌పోర్టు లేదని మాత్రం అనకు. మొన్న ఏప్రిల్లో చర్చి వాళ్లతో కలిసి నార్వే ఓడ ఎక్కావని మీ పక్కింటి ఐరిస్ చెప్పింది.

మీ తమ్ముడు పోతున్నాడు వదినా.

అదీ సంగతి. లోపలికొచ్చి, కూర్చుని, నెమ్మదిగా చెబుదామని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. గుమ్మంలోనే కక్కేశాను. నాకెప్పుడూ ఇంతే కదా, నోట్లో నువ్వుగింజ నానదు.

రానా లోపలికి? హమ్మయ్య. చెప్పులు ఇక్కడే విడుస్తాను, నీ తివాచీ నాకు తెలుసు.

గుండెట. ఇక నావల్ల కాదంటోందిట. స్పెయిన్లో, మా అలికాంటే ఆసుపత్రిలో ఉన్నాడు, పదకొండు రోజులైంది. డాక్టరమ్మ చిన్నపిల్ల, నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. వారం. మహా అయితే పది రోజులు. ఇప్పుడు పక్కన అంపారోని కూర్చోబెట్టి వచ్చాను, మా పక్కింటావిడ. ఒక్కరోజు, రేపు పొద్దునకల్లా వచ్చేస్తానని ఆయనకి చెప్పాను. ఎక్కడికని అడగలేదు. అడిగే ఓపిక కూడా లేదు.

నిద్రలో నిన్నే పిలుస్తున్నాడు. ‘థెల్... థెల్...’ అంటాడు. చిన్నప్పుడు రేవు గట్టు మీద నీ వెనకాల పరిగెత్తుతూ ఎలా పిలిచేవాడో నాకు తెలీదు గానీ అలాగే ఉంటుంది కాబోలు. ఆ పిలుపు వింటుంటే నా ప్రాణం గిలగిల్లాడిపోతోంది. మెలకువ రాగానే మళ్లీ రాయి. ‘థెల్మా వదినకి ఫోన్ చెయ్యనా’ అంటే గోడవైపు తిరుగుతాడు.

మంగళవారం మటుకు ఒక మాటన్నాడు. ‘తప్పయిందని తన నోటితో అంటే రానీ’ అన్నాడు.

అంతే వదినా. అంతకన్నా ఏం వద్దు. వచ్చి, మంచం పక్కన కూర్చుని, ‘పొరపాటైంది రోలీ’ అనెయ్. మూడు క్షణాల పని. దాంతో ఆయన శాంతిగా పోతాడు. ఇందుకోసమే నేను వచ్చింది. నీ కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను, వంగితే లేవలేను, అది వేరే సంగతి.

కెటిల్ పెడుతున్నావా? పెట్టు. నీ చేతి టీ తాగి మూడేళ్లయింది. పాలు కొంచెమే.

అలా చూడకు. నాకు తెలుసు నీ కోపం. ఆయన రాసిన ఉత్తరం చిన్నదేం కాదు. ‘నాకు అక్క లేదు’ అని తోడబుట్టినవాడు రాస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ ఆయన వైపు నుంచి కూడా చూడు. పోయింది ఒట్టి బ్యాంకు అకౌంటే కదా, దానికోసం అక్కని వదులుకుంటాడా అనిపిస్తుంది ఎవరికైనా. ఆయనకది అకౌంటు కాదు వదినా. పదహారేళ్లప్పుడు ఐసు ఫ్యాక్టరీలో మొదటి జీతం చేతికొస్తే మీ నాన్నే కోటు వేసుకుని, జుట్టు దువ్వి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి తెరిపించాడట. నీకు తెలియనిదా? స్పెయిన్ వెళ్లేటప్పుడే ఇల్లు అమ్మేశాం, కారు అమ్మేశాం, ఓటు కూడా పోయిందనుకున్నాం. ఇక్కడ గ్రిమ్స్‌బీలో మీ తమ్ముడికి మిగిలింది రెండే. ఆ అకౌంటూ, నువ్వూ. రెండూ ఒక్క నెలలో పోయాయి.

తప్పు మొదట మాదే, కాదనను. అక్కడ ఉంటున్నామని బ్యాంకుకి చెప్పకుండా నీ అడ్రసు ఇచ్చాం. కానీ అందరూ చేసే పనే కదా! మా లోయలో ఉన్న ఇంగ్లీషు వాళ్లలో ఎవర్ని కదిలించు, ఇక్కడ ఇంగ్లండులో ఒక అక్కో, కొడుకో, పాత ఇంటి పక్కాయనో, ఎవరో ఒకరు ఉత్తరాల డబ్బాగా ఉంటారు. మా డబ్బావి నువ్వు. పద్నాలుగేళ్లు ఒక్క నెల తప్పకుండా మా ఉత్తరాలు ఖాకీ కవర్లో పెట్టి పంపావు. ఒక్కసారి కూడా స్టాంపు డబ్బులు అడగలేదు. మేమూ ఇవ్వలేదనుకో.

మన బ్రిటన్ వాళ్లు యూరప్ నుంచి విడిపోయాక కదా మొదలైంది ఈ తద్దినం. అక్కడ ఉండేవాళ్ల అకౌంట్లు ఉంచుకునే వీలు మాకు లేదు, మూసేసుకోండని బ్యాంకులు ఉత్తరాలు రాయడం మొదలెట్టాయి. నోరు మూసుకున్నవాళ్లు బతికిపోయారు. తెలుసా, మా వీధి చివర హ్యూబర్ట్ గారి అకౌంటు ఇవాళ్టికీ నడుస్తోంది. ఆయన కోడలు లీడ్స్‌లో ఉంటుంది, ఆ అడ్రసు. ఎవరూ చెప్పకపోతే బ్యాంకుకి ఎలా తెలుస్తుంది?

మాకు వచ్చిన ఉత్తరంలో ఏముందో నీకు గుర్తుందా? నువ్వే కదా పంపావు. ‘మీరు ఇచ్చిన అడ్రసులో మీరు నివసించడం లేదని మా దృష్టికి వచ్చింది.’ దృష్టికి వచ్చిందట! మీ తమ్ముడు ఆ ముక్క చదివి, కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ చదివాడు. ‘ఎవరు చెప్పారు?’ అన్నాడు.

ఇక చూడు మా తిప్పలు. ఊళ్లో స్పెయిన్ బ్యాంకుకి వెళ్తే కౌంటరు పదకొండింటికే మూసేస్తారు, మేం పదకొండూ రెండు నిమిషాలకి వెళ్లాం. మర్నాడు పొద్దున్నే వెళ్తే పోలీసు స్టేషను నుంచి కాగితం తెమ్మన్నారు. సముద్రం మధ్య ఏదో దీవిలో పరాయి దేశాల్లో ఉండే మనవాళ్ల కోసమే పెట్టిన బ్యాంకు ఉందంటే ఫోన్ చేశాను. లక్ష పౌన్లు లేనిదే పలకరించరట. లక్ష ఉంటే నేనే బ్యాంకు పెట్టేదాన్ని! పోనీ ఫోన్లో ఉండే బ్యాంకులంటున్నారు కదా ఈ కాలం వాళ్లు, అది చూద్దామంటే మీ తమ్ముణ్ణి ముఖం చూపించమంది. చూపించాడు. ఎడమకి తిరగమంది, తిరిగాడు. కన్ను ఆర్పమంది, ఆర్పాడు. పాస్‌పోర్టు ఫొటోతో మీ ముఖం సరిపోలడం లేదంది. అంతకు ముందు ఏడాది పక్షవాతం వచ్చి మూతి ఒక పక్కకి జారింది కదా! నాలుగుసార్లు చూపించాడు వదినా. నాలుగోసారి వేళ్లతో పెదవి పైకి ఎత్తి పట్టుకుని చూపించాడు. నేను స్నానాల గదిలోకెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

ఆఖరికి అంపారో వెంటబెట్టుకెళ్లి, మేనేజరు వాళ్లమ్మ తనకి తెలుసని నాలుగు అరుపులు అరిచి, అక్కడే అకౌంటు తెరిపించింది. పింఛను అందులోనే పడుతోంది. కాబట్టి డబ్బుల కోసం వచ్చానని మాత్రం అనుకోకు. ఆ గొడవ ఎప్పుడో తీరిపోయింది. తీరనిదల్లా ‘ఎవరు చెప్పారు’ అన్నదే.

నీ పేరు నేను అనలేదు వదినా. ఒట్టు. ఆయనే అన్నాడు. ఆ ముందు క్రిస్మస్‌కి ఫోన్లో మీరిద్దరూ పోట్లాడుకున్నారుగా. ఆ విడిపోయే ఓటు గురించే. ‘నీ ఉత్తరాలు మోసి మోసి విసుగొచ్చింది, ఈసారి ఈ అడ్రసులో ఎవరూ లేరని రాసి వెనక్కి పడేస్తాను’ అన్నావు. కోపంలో అన్నావు. ఆయన అది మనసులో పెట్టుకున్నాడు. ఉత్తరం వచ్చిన రోజు రాత్రి భోజనం దగ్గర ఫోర్కు కింద పెట్టి, ‘థెల్ చేసింది’ అన్నాడు. ‘అన్నంత పనీ చేసింది.’

నేను... నేను ఉప్పు అందించాను.

ఏంటి, తల అడ్డంగా ఊపుతున్నావు? చెయ్యలేదంటావు. అప్పుడూ రాశావుగా, నేను చెయ్యలేదని. ఆ ఉత్తరం ఆయన చదవకుండా చింపేశాడు. ముక్కలు నేను ఏరి చదివాను.

సరే, చెయ్యలేదు. అయితే మాత్రం ఏం? చచ్చిపోయేవాడితో వాదాలూ న్యాయాలూ ఎందుకు? చెయ్యకపోయినా చేశానని ఒక్కసారి అంటే నీ సొమ్మేం పోతుంది? లోకంలో ఎవరూ అబద్ధం ఆడరా? పద్నాలుగేళ్లు మేమంతా కలిసి బ్యాంకుకి ఆడలేదా?

చక్కెర వద్దు. మానేశాను.

అబ్బ, అలా నిలబడి చూడకు వదినా. మీ తమ్ముడివే ఆ కళ్లు.

నాకు తెలుసు.

అదే, నువ్వు చెయ్యలేదని. నాకు తెలుసు. ముందు నుంచీ తెలుసు.

ఎలాగంటావా? కూర్చో. నేనూ కూర్చుంటాను.

బ్యాంకు ఉత్తరానికి మూడు వారాల ముందు, ఆ అకౌంటు మీదున్న నా కార్డు పనిచెయ్యలేదు. కూరగాయల దుకాణంలో అందరి ముందూ. ఇంటికొచ్చి బ్యాంకుకి ఫోన్ చేశాను. ఒక పిల్ల ఎత్తింది. భలే మర్యాద. పుట్టిన తేదీ అడిగింది, చెప్పాను. మా అమ్మ పుట్టింటి పేరు అడిగింది, చెప్పాను. అడ్రసు అడిగింది. నీ అడ్రసు, పిన్‌కోడుతో సహా, తడుముకోకుండా అప్పజెప్పాను. నిద్రలో లేపి అడిగినా చెబుతాను నేను. అన్నీ సరిపోయాయి. ‘ఒక్క నిమిషం, కంప్యూటరు నెమ్మదిగా ఉంది’ అంది. ఊరికే ఉండలేక, ఆ నిమిషం గడవడానికి, ‘మీ వైపు కూడా వానేనా అండీ? ఇక్కడ మూడు రోజుల్నుంచి ఒకటే ముసురు’ అంది.

మనకి అదే కదా రోగం! ముక్కూ ముఖం తెలియనివాళ్లతో మాట కలపాలంటే మనకి వానే దిక్కు. ‘అవునమ్మా, దంచికొడుతోంది’ అంటే సరిపోయేది. జనవరి నెల, గ్రిమ్స్‌బీ, వాన కాక ఇంకేముంటుంది?

కానీ నా సంగతి నీకు తెలుసుగా. పద్నాలుగేళ్లు ఫోన్ ఎత్తగానే నీకు మొదట ఏం చెప్పేదాన్ని? ‘ఇక్కడ ఎండ వదినా, ఇరవై రెండు డిగ్రీలు.’ నీ పంటి నొప్పి సంగతి అడగడం కూడా ఆ తరువాతే. నలభై ఏళ్లు చేపల షెడ్డులో ఐసు నీళ్లలో చేతులు పెట్టి బతికినదాన్ని. ఎండ వచ్చిందంటే ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు ఎండలా ఉండదు. చెప్పేశాను వదినా! ‘వానా? అయ్యో పాపం! నేను చేతుల్లేని జాకెట్టుతో ముంగిట్లో కూర్చున్నాను. దుప్పట్లు అరగంటలో ఎండిపోయాయి. మా ఆయన నారింజలు కోస్తున్నాడు’ అన్నాను.

నారింజలు! జనవరిలో! మీ ఇంటి ముంగిట్లో!

ఆ పిల్ల నవ్వింది. నేనూ నవ్వాను. ‘అదృష్టవంతులండీ’ అంది. ఆ తరువాత ఆ గొంతులో ఏదో మారింది. టకటకా టైపు చేసిన చప్పుడు వినిపించింది. అప్పుడే నాకు అర్థమైంది. ఫోన్ పెట్టేసి అక్కడే కూర్చున్నాను. ఆయన నారింజల బుట్ట తెచ్చి నా ఒళ్లో పెట్టి, ‘కార్డు సంగతి తేలిందా’ అన్నాడు. ‘తేలింది’ అన్నాను.

చెబుదామనే అనుకున్నాను. రేపు, రేపు అనుకున్నాను. ఈలోగా ఉత్తరం వచ్చింది, ఆయన నీ పేరు అన్నాడు. నేను కాదనకుండా ఉన్నాను, అంతే. నోట్లో నువ్వుగింజ నానని నాకు ఆ ఒక్క మాట రెండేళ్లు నానింది. ఆయన నీకు రాసిన ఉత్తరానికి స్టాంపు అంటించిందీ నేనే. పోస్టు డబ్బాలో వేసిందీ నేనే. పిండేసిన గుడ్డలా అయిపోయాను వదినా, అయినా చెప్పలేకపోయాను. నన్ను చూసే చూపు మారిపోతుందేమోనని. నాకు అక్కడ ఆయన తప్ప ఎవరున్నారు? నీకైతే ఊరంతా ఉంది, చర్చి ఉంది, ఐరిస్ ఉంది, తట్టుకుంటావులే అనుకున్నాను. ఛీ, ఏం మనిషిని నేను!

పైగా ఇప్పుడు ఏం చేశాను చూడు. నా తప్పుకి నువ్వు క్షమాపణ చెబుతావని విమానం టికెట్టు కొనుక్కుని వచ్చాను. నువ్వు ఆ ఒక్క మాట అనేస్తే ఆయన హాయిగా పోతాడు, నేను కూడా హాయిగా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంటాననుకున్నాను.

తిట్టు. కొట్టు. ఏదో ఒకటి చెయ్యి, అలా ఉండకు.

ఎక్కడికి లేస్తున్నావు?

కోటు వేసుకుంటున్నావా? వస్తున్నావా? నిజంగా? వదినా...

వద్దు, నన్ను ముట్టుకోకు, ఏడుపొస్తుంది. మందులు పెట్టుకో. గ్యాసు కట్టెయ్. అక్కడ కూడా సాయంత్రాలు చలే, ఆ స్వెట్టరు కూడా పెట్టుకో.

ఏం చెబుతావు ఆయనకి? నువ్వు చెప్పవా? వేలు నా వైపు చూపిస్తావేం? నేనా?

నేనే.

సరే. న్యాయమే. నేనే చెబుతాను. నువ్వు కుడి పక్కన కూర్చో, ఆయనకి ఎడమ చెవి బొత్తిగా వినిపించడం లేదు. ముందు ఆయన నీ ముఖం చూడనీ. తరువాత నేను వచ్చి కాళ్ల దగ్గర నిలబడి, ఎండ సంగతీ, నారింజల సంగతీ అంతా చెప్పేసి బయటికి వెళ్లిపోతాను. వరండాలో కుర్చీలు ఉన్నాయి. పిలిస్తే లోపలికి వస్తాను.

పిలవకపోతే? పిలవకపోతే ఏముంది వదినా. యాభై ఏళ్లు పక్కనే కూర్చున్నాను, ఒక్క వారం బయట కూర్చోలేనా?

పద, టాక్సీ ఆయన హారను కొడుతున్నాడు.