పావు చుట్టు

బల్ల మీద పాత ల్యాప్‌టాప్ సగం తెరుచుకుని బిగుసుకుపోయింది. మనవరాలి ఉద్యోగపు ఇంటర్వ్యూకి ఇంకా గంటే ఉంది. పిలిచింది వడ్రంగి తాతను.

"ఇంకొంచెం ఎత్తితే తెర పగిలేలా ఉంది తాతా. ఇలాగే ఉంటే కెమెరాలో నా చేతులే కనపడతాయి, మొహం కనపడదు."

"ఇదేం బిగువే? నేనొక తలుపు చూశాను. దాన్ని తోసిన కొత్తల్లుడు లోపలికొచ్చేసరికి ముసలాడయ్యాడు."

"మరి పెళ్ళాం?"

"ఆవిడ పెరటి గుమ్మంలోంచి వచ్చిపోతూనే ఉంది."

"కోతలు తర్వాత కొయ్యి. మొన్నటిదాకా మూత కాస్త ఊగేది, అంతే. ఇవాళే ఇలా అయింది."

"ఊగుతుంటే చూడలేక నిన్న నేనే మూత మడత బందులు బిగించానే."

"ఎంత బిగించావు?"

"వీధి తలుపుకి బిగించినంత."

"కొంప ముంచావు కదా తాతా."

"ముంచినవాడే తేలుస్తాడు. ముందు కరెంటు వైరు పీకి, దాన్ని ఆపెయ్యి. ఆ చిన్న పానా ఇలా ఇవ్వు. బందు పక్కన నట్టు ఉంది చూడు, దాన్ని పావు చుట్టు వదులు చెయ్యాలి. రెండోవైపూ అంతే. ఒకవైపే వదిలితే తెర మెలిపడుతుంది."

"చెయ్యి జారితే?"

"నువ్వు మాట్లాడించకపోతే జారదు."

పానా ఒకవైపు పావు చుట్టు తిరిగింది, తర్వాత రెండోవైపు.

"అయింది. ఇప్పుడు ఒక్క వేలితో ఎత్తు."

"అబ్బ, కింది భాగం కదల్లేదు తాతా. ఎక్కడ ఆపితే అక్కడే నిలబడుతోంది. ఉండు, ఆన్ చేసి కెమెరా పెడతాను. మొహమంతా కనపడుతోంది."

"కనపడుతోంది కాబట్టే చెబుతున్నా, వెళ్ళి తల దువ్వుకురా."