నాలుగు చక్రాలు, నాలుగు రకాల కరెంటు

మహాదేవమ్మక్కా, ఆ టీ ముందు శివజ్యోతికియ్యి, నాకు మాట అయినాక ఇద్దువులే. ఏమమ్మా జ్యోతీ, రేపు పత్తికొండ అవతల చేనులో డ్రోనుతో మందు కొట్టేకి పోతాండావంట. ఆడ కరెంటు లేదంట, డ్రోను బ్యాటరీలు ఛార్జింగు చేసే బండి బాడుగకు కావాలంట. ఇంగొకర్ని అడిగే పనే లేదు, నా జీపు ఉండాది. ఈ బాడుగ నేను ఇడిసేది లేదు, ముందే చెప్తాండా.

నవ్వు గిడ్డయ్యా, నవ్వు. మొన్న ఎండాకాలం చేనుకాడికి పోతా పోతా, స్ప్రేయరు బ్యాటరీని జీపు బ్యాటరీకి తగిలించినా. చేను చేరేలోపల ఫుల్లు. అంతే, చిన్న విషయం.

"అంతవరకు నిజమే అయ్యుంటాది," అన్నాడు గిడ్డయ్య.

అయ్యుంటాది కాదప్పా, అయ్యింది! ఇంగ ఊర్లోవాళ్లు ఊరుకుంటారా? ఒకడు ట్రాక్టరుది, ఒకడు ఇన్వర్టరుది, ఒకడు ఆటోది, ఇంగొకడు లిథియంది తెచ్చి నా జీపులో పడేసినారు. అన్నీ ఒకే రకమైతే ఎవడైనా చేస్తాడు. యాసిడు బ్యాటరీ సంగటి తినే మనిషి, ఎంత పెట్టినా తింటాడు. లిథియం కొత్తల్లుడు, ఒక ముద్ద ఎక్కువైతే ఉబ్బుతాడు, తక్కువైతే అలుగుతాడు. ఇద్దరికీ ఒకే విస్తరి ఏస్తే కొంపలంటుకుంటాయి. అప్పుడు నేనేం చేసినానో తెల్సా? ఫోర్ వీల్ గేరు ఏసినా!

"దానికీ దీనికీ ఏం సంబంధమప్పా?"

అదే నీకి తెలీంది గిడ్డయ్యా. ఫోర్ వీల్ అంటే ఏమనుకున్యావు? నాలుగు చక్రాలు తిరిగితే నాలుగు రకాల కరెంటు పుడతాది. ముందర కుడిచక్రంది ట్రాక్టరుకు, ఎడమచక్రంది లిథియానికి, ఎనకవి రెండూ ఇన్వర్టరుకూ ఆటోకూ. స్టెప్నీ ఊరికే ఉండాది కదాని సెల్‌ఫోన్లన్నీ దానికి తగిలించినా.

"స్టెప్నీ తిరగదు కదా మామా," అంది జ్యోతి.

సెల్‌ఫోన్లకు తిరిగేంత పని యాడుంటాది తల్లీ! ఆ తర్వాత ఏమైందో తెల్సా? మిగిలిన కరెంటు పోయేకి దావ లేక నేలలోకి దిగింది. ఎండిపోయిన బోర్లన్నీ వాటంతటవే నీళ్లు పోసినాయి, రాళ్లచేన్లల్లో వరి నాటినారు, పట్టపగలు వీధిలైట్లు ఎలిగినాయి. సబ్‌స్టేషనోళ్లు ఉరుకుతా వచ్చి, "మారెన్నా, నీ కాళ్లు పట్టుకుంటాం, బండి మెల్లగ పోనియ్యప్పా, నీ కరెంటు వైర్లెమ్మడి ఎనక్కి పోయి డ్యాములో టర్బైన్లు ఎదురు తిరుగుతాండాయి, ఏరు పైకెక్కుతాండాది" అన్నారు. నాకు శానా జాలేసి రెండో గేరుకు దించినా. అప్పుడు గాని ఏరు కిందికి దిగలా.

ఇట్లాంటి బండి ముందర నీ డ్రోను బ్యాటరీలు ఒక లెక్కనా? తెల్లారేసరికి మీ ఇంటి ముందరుంటా. ఊ అను తల్లీ.

జ్యోతి టీ గ్లాసు కిందబెట్టి, వంతెనకాడ వాలుగా ఉండే దిగుడులో నిలబెట్టిన నా జీపుకల్లా చూసింది.

"అంతా బాగుండాది మామా. ఈడ అంగడి ముందర ఇంత జాగా ఉన్యా, నువ్వు జీపు ఎప్పుడూ ఆ దిగుడులోనే పెడతావు. సెల్ఫు కొట్టేకి బ్యాటరీలో ఛార్జింగు లేక దొర్లిచ్చి స్టార్టు చేస్తావని అందరికీ తెలుసు. మా చేను సదును నేల మామా. దిగుడు యాడా లేదు."

గిడ్డయ్యకు టీ పొరబోయింది. మహాదేవమ్మక్క కొంగు అడ్డం పెట్టుకోని నవ్వింది. నవ్వుకోనీ. నేను బాడుగ ఇడిసే మనిషినా?

"అది సరేగానీ తల్లీ," అన్నా, "రేపు ఆ చేనుకాడ బలంగా ఉండే కూలోళ్లు ఎవరన్నా ఉంటారా?"