భాగమ్మ కణాలు కావన్న షాహజాది గారు

1993 ఆగస్టు 2న వికారాబాద్‌లోని మన రొమ్ము క్యాన్సర్ పరిశోధనశాలలో సహాయ శాస్త్రవేత్తగా చేరిన డాక్టర్ షాహజాది గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. నిత్యం తాండూరు నుంచి రైలులో వచ్చి, రోగుల కణితి ముక్కల నుంచి గాజుపాత్రల్లో కణాలను పెంచే క్లిష్టమైన విద్యను స్వయంకృషితో సాధించి, విభాగాధిపతి స్థాయికి ఎదిగారు. ఫలితం ఎంత బాగుంటే అంతగా అనుమానించడం వారి స్వభావం. అది అందరికీ రుచించేది కాదు.

2014లో పెద్దేముల్ వాస్తవ్యురాలు భాగమ్మ గారి అంగీకారంతో ఆమె కణితి నుంచి పెంచిన కణాలు, నెలల తరబడి మందకొడిగా ఉండి, ఉన్నట్టుండి విజృంభించాయి. కొత్త మందు వేస్తే అంతే వేగంగా నశించాయి. సంచాలకులు బాల్‌రాజ్ గారు ఆ మందును రోగులపై పరీక్షించేందుకు సన్నాహాలు ప్రారంభించగా, షాహజాది గారు అడ్డుపడ్డారు.

"గివి భాగమ్మ కణాలు కావనిపిస్తుంది సార్. జర ఆగుండ్రి."

"మీకు షక్ కణాల మీదనా, మా మీదనా?" అని ఆయన కటువుగా అడిగారు.

"రెండిటి మీద," అన్నారు వారు.

ఆ తర్వాత భోజన సమయంలో వారి పక్కన కూర్చునేవారే కరువయ్యారు. ఆ ఫలితానికి పేరు తనకు రాలేదన్న అసూయ వారిది అన్నారు కొందరు. వారు మాత్రం జన్యుపరీక్షలో పోల్చి చూసేందుకు రక్త నమూనా కోసం ఆటోలో పెద్దేముల్ వెళ్లారు. వెంట నేనూ ఉన్నాను. భాగమ్మ గారు చేయి చాపలేదు.

"మల్ల రక్తమెందుకు డాక్టరమ్మా? బీమారి మల్లొచ్చిందా? నాతోని దాస్తున్నరా?"

"నీ బీమారి సంగతి కాదక్కా. మా పని మీద మాకే అనుమానమొచ్చింది. మేం తప్పు జేస్తే నీ అసొంటోళ్లకు పనికిరాని మందు వోతది."

భాగమ్మ గారు, "తీస్కో. ఏం తేలిందో నువ్వే వచ్చి చెప్పాలె," అని చేయి చాపారు.

గాజుపాత్రలో ఉన్నవి, కణాలను వెచ్చగా ఉంచి పెంచే అదే యంత్రంలో పెరుగుతున్న మరో రోగి కణాలని తేలింది. ఎక్కడో ఒక చుక్క కలవడంతో, అవి భాగమ్మ గారి కణాలను పూర్తిగా కమ్మేశాయి. తొలినాళ్లలో అతిశీతలంలో దాచిన ఆమె అసలు కణాలను పెంచి చూస్తే, ఆ మందు వాటిని ఏమీ చేయలేకపోయింది. బాల్‌రాజ్ గారు సన్నాహాలు నిలిపివేసి, ఇకపై పెంచే కణాలన్నింటికీ జన్యుపరీక్షను తప్పనిసరి చేశారు. షాహజాది గారు పెద్దేముల్ వెళ్లి జరిగిందంతా భాగమ్మ గారికి దాచకుండా చెప్పారు.

వచ్చే నెల నుంచి మాకు మంచి ఫలితం వచ్చినప్పుడు, "నాకు నమ్మకం లేదు" అనే గొంతు పక్కన ఉండదు. ఆ గుబులు ఇప్పటికే మొదలైంది. భర్త అజహరుద్దీన్ గారితో, కుమార్తె కైనాత్‌తో తాండూరులో వారు సంపూర్ణ ఆరోగ్యంతో సుదీర్ఘకాలం సంతోషంగా ఉండాలని, వీలైనప్పుడల్లా వచ్చి మమ్మల్ని మనసారా అనుమానించాలని ఆకాంక్షిస్తున్నాను.

— హరీష్, సహ పరిశోధకుడు