గోరువెచ్చటి నీళ్ళు

(వృద్ధుల ఆశ్రమం. మెట్ల కింద, వేడినీళ్ళ ట్యాంకు ఉన్న గది. మధ్యాహ్నం. నెలనెలా నీళ్ళు పరీక్షించడానికి వచ్చే మెకానిక్, ఇరవయ్యేళ్ళుగా అక్కడే పనిచేస్తున్న ఆయా.)

“కాదు తమ్ముడూ, తాగే నీళ్ళు నేనే కాచి, వడకట్టి ఇస్తాను. పోయిన ముగ్గురికీ నా చేత్తోనే ఇచ్చాను. వాటిల్లో ఏముంటుంది?”

“తాగే నీళ్ళు కాదక్కా. స్నానం నీళ్ళు.”

“స్నానం నీళ్ళు తాగుతారా ఎవరైనా?”

“తాగక్కర్లేదు. షవర్ తిప్పితే సన్నగా తుంపర లేస్తుంది చూడు, అది ఊపిరితోపాటు లోపలికి పోతుంది. అందులో బ్యాక్టీరియా ఉందనుకో, నేరుగా వెళ్ళి ఊపిరితిత్తుల్లో కూర్చుంటుంది. జ్వరం, దగ్గు, ఆయాసం. వయసు మీద పడ్డవాళ్ళు తట్టుకోలేరు.”

“టీచరమ్మకి అచ్చం అలాగే.”

“ముగ్గురికీ అదే. ఆసుపత్రి వాళ్ళు పరీక్ష చేసి చెప్పారు. మొన్న నేను పరీక్షకి పట్టుకెళ్ళిన నీళ్ళ సీసాల్లోనూ అదే తేలింది.”

“మన నీళ్ళల్లోనా?”

“మన ట్యాంకులోనే.”

“ఆ బాత్రూములు నేను రోజూ రుద్దుతాను తమ్ముడూ. గచ్చు మీద అన్నం పెట్టుకుని తినొచ్చు.”

“గచ్చుకేం, అద్దంలా ఉంది. ఇది చీపురుకి దొరికే రకం కాదక్కా. గొట్టాల లోపల, ట్యాంకు అడుగున పెరుగుతుంది. ఇందాక షవర్ మూత విప్పి వేలు పెట్టాను, లోపలంతా జిగురు. నీళ్ళు బాగా చల్లగా ఉంటే అది పెరగదు. బాగా వేడిగా ఉంటే చస్తుంది. గోరువెచ్చగా ఉన్నాయో, ఇక దానికి పుట్టిల్లే.”

“గోరువెచ్చగా అంటే?”

“నలభై డిగ్రీలు. కాస్త అటూ ఇటూ. అందుకే ట్యాంకు ఎప్పుడూ అరవైలో ఉండాలి. వేడి పెంచేదీ తగ్గించేదీ ఇదిగో ఈ పిడి. దాని ముల్లు ఎక్కడుందో చూడు.”

“నా కళ్ళజోడు పైన ఉండిపోయింది.”

“నలభై దగ్గరుంది.”

“ఓహో.”

“ఎవరు తిప్పారక్కా?”

“టీ పెట్టనా? పొద్దుననగా వచ్చావు.”

“అక్కా.”

“పాపకి పళ్ళొచ్చాయా? చిగుళ్ళు వాచాయన్నావు పోయినసారి.”

“రెండొచ్చాయి. ఈ గది తాళం ఎవరి దగ్గరుంటుంది?”

“ఒకటి నా దగ్గర. ఒకటి మేనేజరమ్మ దగ్గర.”

“మేనేజరమ్మ ఎప్పుడైనా ఇటు వచ్చిందా?”

“ఆవిడకి ఈ గది ఎక్కడుందో కూడా తెలీదు.”

“అయితే?”

“అయితే ఏముంది. నేనే తిప్పాను.”

“ఎప్పుడు?”

“టీచరమ్మ వీపు కాలిన రోజు. గుర్తుందా? నువ్వూ వచ్చావుగా ఆ రోజు.”

“వచ్చాను.”

“పొద్దున కాలింది. నీళ్ళు సలసలా కాగిపోతూ వచ్చాయి, ఎప్పుడూ లేనిది. నేను చెయ్యి పెట్టి చూసేలోపే ఆవిడే షవర్ తిప్పేసుకుంది. తొందర ఎక్కువ ఆవిడకి. పిల్లల పేపర్లు దిద్దాలంటుంది, బడి మానేసి పాతికేళ్ళు. ఒక్క అరుపు అరిచింది. వీపంతా చర్మం పొరలుపొరలుగా లేచిపోయింది.”

“తెలుసు. ఫోన్ చేస్తే మధ్యాహ్నానికల్లా వచ్చాను.”

“వచ్చావు, లోపలికెళ్ళి ఏదో చూసుకున్నావు, ‘ఇక కాలవు’ అని వెళ్ళిపోయావు. నీ మాట నమ్మక కాదు తమ్ముడూ, నాకే భయం పోలేదు. సాయంత్రం మంచం పక్కన కూర్చుంటే నా కొంగు పట్టుకుని, ‘నన్ను మళ్ళీ ఆ నీళ్ళకి పంపకే’ అని ఏడ్చింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. బెత్తం పట్టుకుని బడంతా వణికించిన మనిషి. నా వల్ల కాలేదు. ఇక్కడికొచ్చి తిప్పేశాను. ఎంతకి తిప్పానో కూడా తెలీదు. తక్కువ ఎటో చూసుకుని అటు తిప్పాను.”

“తర్వాత?”

“మర్నాటి నుంచి నీళ్ళు హాయిగా వచ్చాయి. గాయం మానాక మొదటిసారి స్నానం చేయించాను కదా, ఏమందో తెలుసా? ‘అమ్మ పోసినట్టుందే’ అంది. నేను పొంగిపోయాను. కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాను.”

“ఎన్నాళ్ళైంది?”

“ఏడు నెలలా? ఎనిమిదా?”

“ఎనిమిది.”

“ముందు పోయింది ఆవిడే. తర్వాత రేడియో మామ్మ. మొన్న దర్జీ తాతయ్య. ముగ్గురికీ నేనే స్నానం చేయించేదాన్ని. పోయాక ఆఖరి స్నానం కూడా నేనే చేయించాను. అవే నీళ్ళు. అవే నీళ్ళు తమ్ముడూ!”

“ఊరుకో అక్కా.”

“ఒకటి అడుగుతాను, కోప్పడకు.”

“అడుగు.”

“నువ్వు నెలనెలా వస్తావు. వేడి ఎంతుందో చూస్తావు. ఆ పుస్తకంలో రాస్తావు. నీకు తెలియలేదా మరి?”

“ఒక్కోసారి... పది చోట్లకి తిరగాలి కదక్కా. తొందరలో...”

“పుస్తకంలో ఎంతుంది?”

“అరవై.”

“ఎనిమిది నెలలూ?”

“ఎనిమిది నెలలూ. పోయిన నెల అరవై ఒకటి.”

“ఆ ఒకటి ఎందుకు?”

“అన్నీ ఒకేలా ఉంటే చూసేవాళ్ళకి అనుమానం వస్తుందని.”

“చూడకుండానే రాశావా?”

“అవునక్కా.”

“పోనీలే. మొహం అలా పెట్టకు. నువ్వు చూడలేదు, అంతే కదా. తిప్పింది నేను.”

“అలా అనకక్కా.”

“అనక? నీ ఫోనే మోగుతోంది, చూసుకో.”

“ఆఫీసు. ఒక్క నిమిషం. హలో, ఆఁ సార్, ఆశ్రమంలోనే ఉన్నాను. నలభై మీద ఉంది సార్. లేదు సార్, నేను కాదు. ఇక్కడ ఆయా ఉంది, తనే తిప్పానంటోంది. అవును, తనంతట తనే చెప్పింది. కాగితం మీదా? ఇప్పుడేనా? సార్, ఒక్క మాట, ఆ రోజు నేను... ఆఁ. ఆఁ సార్. లేదు, ఏం లేదు. పంపిస్తాను.”

“ఏమంటారు?”

“నువ్వు చెప్పింది రాసి సంతకం చేయించమంటున్నారు.”

“రాయి మరి.”

“ఆలోచించుకో అక్కా. పోలీసులొస్తారు. ఉద్యోగం పోతుంది.”

“మూడు ప్రాణాలు పోయాయి. ఉద్యోగం ఒక లెక్కా?”

“నువ్వు ఉండేది కూడా ఇక్కడే కదా.”

“వంటింటి పక్క కొట్టు గది. ఒక ట్రంకు పెట్టె, ఒక దుప్పటి. సర్దుకోవడానికి పావుగంట పట్టదు. రాయి. రాశాక చదువు, నాకు అక్షరాలు కనపడవు.”

“...రాశాను. ‘ఇక్కడ ఆయాగా పనిచేయుచున్న నేను, ఎవరి అనుమతి లేకుండా, నిర్లక్ష్యంగా, వేడినీళ్ళ ట్యాంకు పిడిని—’”

“నిర్లక్ష్యంగా అనకు.”

“అలాగే రాయాలక్కా.”

“జాలిపడి అని రాయి.”

“జాలి అంటే వాళ్ళు ఒప్పుకోరు.”

“ఒప్పుకోకపోతే మానె. నేను నిర్లక్ష్యంగా ఏ పనీ చెయ్యలేదు. చేసుంటే బాగుండేది. ఆ రోజు ఆవిడ ఏడుపు వినీ విననట్టు నిర్లక్ష్యంగా పడుకునుంటే ముగ్గురూ బతికుండేవాళ్ళు.”

“సరే. ‘జాలిపడి.’ మార్చాను.”

“ఎక్కడ పెట్టాలి?”

“ఇక్కడ. ఇంకొంచెం కిందికి. కూర్చుని పెట్టు.”

“కాగితం జారుతోంది, గట్టిగా పట్టుకో. ఆఁ, అలా. అయిందా?”

“ఫొటో తీశాను.”

“పంపావా?”

“పంపాను. వెళ్ళిపోయింది.”

“ఇక నా పని ఒకటి చెయ్యి. పైన ఇంకా పంతొమ్మిది మంది ఉన్నారు. చేతికర్ర తాతయ్య నిన్నట్నుంచి దగ్గుతున్నాడు. పిడి అరవైకి తిప్పు.”

“తర్వాత తిప్పుతాను.”

“తర్వాతేమిటి?”

“ముందు ట్యాంకు ఖాళీ చేసి కడగాలి. క్లోరిన్ వెయ్యాలి. అప్పటిదాకా ఎవరూ షవర్ తిప్పకూడదు.”

“తిప్పనివ్వను. నువ్వు కడుగు, మందు వెయ్యి. కానీ పిడి తిప్పడానికి నీకు చెయ్యి రావట్లేదేం? జరుగు, నేనే తిప్పుతాను. ఇటేనా?”

“అటే.”

“చెప్పు, అరవై వచ్చిందా?”

“వచ్చింది.”

“ఎంతసేపట్లో కాగుతాయి?”

“నువ్వు పైకి వెళ్ళక్కా. వాళ్ళు నీకోసం చూస్తుంటారు.”

“చూడనీ. వేడి నా చేతికి తగిలితే గానీ వాళ్ళ మొహాలు చూడలేను. ఈ కుళాయి ట్యాంకుదేగా?”

“ట్యాంకుదే. తుంపర లేవకుండా సన్నగా తిప్పు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకో.”

“నాకేం అవుతుందిలే ఇక. తమ్ముడూ...”

“ఊఁ.”

“పోలీసులు రేపొస్తారా, ఇవాళేనా?”

“తెలీదు.”

“ఇవాళ కాకపోతే బాగుణ్ణు. రాత్రి మందులు ఎవరికేవో ఇంకెవరికీ తెలీదు. రాసిపెట్టాలి. నువ్వు రాసిస్తావా, నేను చెబుతాను?”

“రాస్తాను.”

“చేతికర్ర తాతయ్యకి తెల్లది సగం ముక్క. మొత్తం ఇస్తే తల తిరుగుతుంది.”

“తెల్లది సగం.”

“పక్క మంచం మామ్మకి పొడి చేసి ఇవ్వాలి. మింగలేదు.”

“పొడి చేసి.”

“అందరివీ రాయించేసరికి అరగంట అయింది తమ్ముడూ, నీళ్ళు ఇంకా కాగలేదు.”

“పెద్ద ట్యాంకు కదా.”

“మొదట్నుంచీ ఇదే ట్యాంకు. ఇదివరకు పావుగంటకే పొగలు కక్కేవి. చెయ్యి పెట్టి చూడు నువ్వు. పిసరంత కూడా మారలేదు. పిడి సరిగ్గా తిప్పానా? ఇంకా తిప్పనా?”

“వద్దు.”

“వద్దేమిటి? ఏయ్, నువ్వెందుకు ఏడుస్తున్నావు? సంతకం పెట్టింది నేనైతే!”

“అక్కా...”

“చెప్పు, ఏమైంది?”

“ఆ పిడి దేనికీ కలిపి లేదక్కా. టీచరమ్మ వీపు కాలిన రోజు మధ్యాహ్నమే దాని వెనక తీగలు కోసేసి, ఆగకుండా కాగి కాలిపోయిన, నీళ్ళు కాచే పెద్ద కాయిల్ ఊడదీసుకెళ్ళాను, కొత్తది తెచ్చి వేస్తానని. తేలేదు. అప్పట్నుంచి లోపల నడుస్తోంది చిన్న కాయిల్ ఒక్కటే, అది నలభై దాటించలేదు. సాయంత్రం నువ్వొచ్చి తిప్పేటప్పటికే అది ఉత్త పిడి.”