నాయిన నౌకరి కోసం కూసున్న పిల్లలకు

ఎండను లెక్కచెయ్యకుంట వచ్చిన అన్నలారా, అక్కలారా, మొదటి షిఫ్టు దిగి నేరుగ ఇటే వచ్చిన తోటి కార్మికులారా, టీచరమ్మ దగ్గర సదువుకున్న పిల్లలారా! మంగళవారం పొద్దుగాల బడిల పాఠం చెప్పుకుంటనే మన సుసన్నా టీచర్ కూలబడ్డది. దవాఖానకు తీస్కపోయేసరికే పానం పోయింది. నేను మొగిలిని. బొగ్గు బాయిల కప్పు కూలకుంట దుంగలు నిలబెట్టే పని నాది. మైకుల మాట్లాడుడు నాకు చాతగాదు. అయినా ఇయ్యాల మాట్లాడకపోతే నాకు తిన్నది అరగదు.

ఇరవై ఆరేండ్లు గోదావరిఖనిల లెక్కలు చెప్పింది. జవాబు ఒక్కటే సరిగొస్తే ఆమెకు చాలకపోయేది, చేసిన తీరు గూడ సరిగుండాలె. ఫిట్టర్ జైపాల్ బిడ్డ హర్షిణి ఒక్క లెక్కను ఆరుసార్లు చేసి, "గింత చాలు టీచర్" అని ఏడ్సిందట. "మొగిలి కాక దుంగ పెట్టేటప్పుడు గింత చాలనుకుంటే మీ నాయిన ఇంటికొస్తడా?" అన్నదట టీచర్. ఆ పిల్ల ఏడోసారి చేసింది. ఇయ్యాల మన పక్కనున్న జైపూర్ కరెంటు ప్లాంటుల ఇంజినీరు.

ఇంకో మాట. ఏటేటా పదో తరగతి పిల్లలను అడిగేది, ఏమైతరని. సగం మంది మొగపిల్లలు ఏమంటరు? "నాయిన నౌకరి చేస్త" అంటరు. మనం నవ్వుకుంటం. ఆమె నవ్వలే. "నాయిన నౌకరి కొడుక్కు ఎప్పుడొస్తది? నాయిన సచ్చిపోవాలె. లేకుంటే పనికిరాడని డాక్టర్లు రాసియ్యాలె. గిదేనా మీరు కోరుకునేది?" అన్నది.

అన్నలారా, తప్పు పిల్లలదేనా? గా ఆశ వాళ్లకు పెట్టిందెవరు?

నేను పెట్టిన. నా కొడుకు సంపత్ పాలిటెక్నిక్ నడుమల ఇడిసిపెట్టి ఇంట్ల కూసున్నడు. నేను "సదువు బిడ్డా" అనలే. బీపీ గోలీలు బందు చేసిన. రోగం ముదిరితే కంపెనీ మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తది, పోరనికి నౌకరి వస్తదనుకున్న. ఒకనాడు టీచరమ్మ మా క్వార్టరుకొచ్చి, గూట్ల ఇప్పని గోలీల అట్టలు చూసింది. "నీ పానం తీసి కొడుక్కు నౌకరి ఇస్తవా మొగిలన్నా? వాన్ని నా దగ్గరికి పంపు, నువ్వు గోలీలు మింగు" అన్నది. మింగుతనని ఒట్టేసిన.

సంపత్ ఆమె దగ్గరికి పోయిండు. మళ్ల కాలేజీల చేరిండు. నేను మాత్రం గోలీలు మింగలే. వాడు ఫెయిలైతే ఎట్లనని ఒట్టు తప్పిన. ఇప్పుడు కాళ్లు వాచినయ్. కిడ్నీలు చెడిపోయినయని డాక్టరు చెప్పిండు. వచ్చే సోమవారం దవాఖానల బోర్డు. పనికిరాడనే రాస్తరు. గీ ముచ్చట నా ఇంటోళ్లు గూడ ఇప్పుడే ఇంటున్నరు.

సంపత్, ఎనుక కూసున్నవు, లేసి పోకు. గా నౌకరి వస్తే వద్దని చెప్పు. సోమవారమే నీ ఆఖరి పరీక్ష. నా ఎంట దవాఖానకు రాకు, పరీక్షకు పో. గట్టెక్కితే చాలని రాయకు, టీచరమ్మ దిద్దుతదనుకొని రాయి.

పిల్లలారా, ఇంటికి పోంగనే మీ నాయిన గోలీల అట్టలు తీసి చూడుండ్రి. ఇప్పని అట్ట ఉంటే, ఆయన మీ సదువు మీద నమ్మకం ఇడిసిండని అర్థం. గా నమ్మకం మీరే తేవాలె. ఎంతమంది ఇండ్లల్ల ఉన్నయో, నాకు భయమైతున్నది.

ఇగ అందరు లేవుండ్రి. టీచరమ్మ కోసం రెండు నిమిషాలు సప్పుడు చెయ్యకుంట నిలబడుదాం. నా కాళ్లు ఆగుతలేవు. సంపత్, జర వచ్చి నన్ను పట్టుకో.