బంధువులు బయట ఉండాలి

అబ్బా, నువ్వు కూడా మొదలెట్టకురా తమ్ముడూ! వచ్చినవాళ్ళంతా ఇదే అడుగుతున్నారు. ఏళ్ళ తరబడి ఈ క్యాన్సర్ వార్డులోనే నర్సుగా చేస్తూ, కన్నతల్లి లోపల పడుకుని ఉంటే ఇలా బయట బెంచీ మీద కూర్చోడమేంటని. ముందు ఆ సంచి కింద పెట్టు. కూర్చో.

ఏం కాలేదు. అమ్మ బానే ఉంది. అంటే... ఇప్పుడు బానే ఉంది. నిద్రపోతోంది.

నీకు తెలుసుగా, నర్సింగ్ పిల్లలకి ఇక్కడ పాఠం చెప్పేది నేనే. వైద్యం చేసేది డాక్టరు, ఆ వైద్యాన్ని మనిషి తట్టుకునేలా చూసుకునేది మనం అని చెప్తాను. నోట్లో పుళ్ళు, వాంతులు, నిద్ర, భయం, అన్నీ మనవే. ఇక నొప్పి గురించైతే చెప్పి చెప్పి నా గొంతు పోయింది. సున్నా నుంచి పది దాకా ఎంత ఉందో అడిగేముందు బంధువుల్ని బయటికి పంపండే తల్లీ, వాళ్ళ మొహాలు చూస్తూ ఎవరూ నిజం చెప్పరు అని.

మరి అమ్మని ఎవరడిగారంటావ్? నేనే! ఇంట్లో నర్సుని పెట్టుకుని ఇంకొకళ్ళెందుకు? చేర్చిన దగ్గర్నుంచీ పొద్దునా సాయంత్రం నేనే అడిగాను. "రెండేనే బుజ్జీ" అనేది. అదే డాక్టరుకి చెప్పాను. రెండుకి ఎంత మందివ్వాలో అంతే ఇచ్చారు.

అమ్మ గట్టి మనిషని మురిసిపోయాను చూడు! వార్డంతా చెప్పుకున్నాను కూడా. సిగ్గుండాలి నాకు.

ఇవాళ మా స్టూడెంటు ఒకతి అమ్మ మంచం దగ్గరికొచ్చింది. సూది పట్టుకోవడం కూడా ఇంకా సరిగ్గా రాదు దానికి. నా వైపు చూసి, నసుగుతూ, "మేడమ్, బంధువులు బయట ఉండాలి" అంది.

ఎవరా అని వెనక్కి తిరిగి చూశాన్రా నేను! ఎవరూ లేరు.

బయటికొచ్చేశాను. అది తలుపేసుకుంది. కాసేపయ్యాక తొంగిచూసి, "తొమ్మిదంట మేడమ్" అని డాక్టరు కోసం పరిగెత్తింది. మార్ఫిన్ పెంచారు. ఇక్కడికొచ్చాక అమ్మ కంటినిండా నిద్రపోవడం ఇదే మొదలు.

అమ్మ ఇంకేమందే అని గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది ఆ పిల్ల. "మా అమ్మాయికి చెప్పకమ్మా, ఇంత చేసినా తగ్గలేదని కుంగిపోతుంది" అందట.

ఏడవట్లేదులే, ఎందుకలా చూస్తావ్? ఏడుపొస్తే బాగుండు. మనసు మొద్దుబారిపోయింది, అంతే. ఇదంతా ఎవరింట్లోనో జరిగినట్టుంది.

నువ్వెళ్ళి దగ్గర కూర్చో. నీ ముందైతే మూలిగినా మూలుగుతుంది, నువ్వు నర్సువి కాదుగా. నన్ను మాత్రం రమ్మనకు. నేను కనబడితే, పాపం, లేచి నవ్వాలి ఆవిడ.